ఎమ్మెస్సీ నర్సింగ్ సీటుకు అడ్వాన్స్ కట్టబోతున్నారా? ముందు ఆ ఫ్యాకల్టీ లిస్టు సంగతి చూడండి

కౌన్సెలింగ్ ముగిసి, మిగిలిన మేనేజ్‌మెంట్ సీట్ల కోసం ఏజెంట్లు ఫోన్లు మొదలుపెట్టగానే కాలేజీల వెబ్‌సైట్లు కళకళలాడతాయి. వరసగా ఫొటోలు, ప్రతి ఫొటో కిందా ‘పరిశోధనాసక్తులు: మాతాశిశు ఆరోగ్యం, ఎన్‌సీడీలు (షుగర్, బీపీ లాంటి అంటువ్యాధులు కాని జబ్బులు), వృద్ధుల సంరక్షణ, మానసిక ఆరోగ్యం’. నాలుగూ ఒకే మనిషికి ఆసక్తులైతే అక్కడే అనుమానించాలి. ఆ లిస్టు నమ్మి డబ్బు కట్టినవాళ్లలో చాలామందికి క్లాసులు మొదలయ్యాక ఆ ప్రొఫెసర్లు కనిపించరు. వాళ్లు ఇన్‌స్పెక్షన్ రోజున వచ్చి, సంతకం పెట్టి వెళ్లిపోయే అద్దె ఫ్యాకల్టీ.

‘నర్సింగ్ కౌన్సిల్ పర్మిషన్ ఉంది కదా’ అంటారు ఏజెంట్లు. మధ్యప్రదేశ్‌లో ఏం జరిగిందో గుర్తు చేయండి. హైకోర్టు ఆదేశంతో సీబీఐ 308 నర్సింగ్ కాలేజీలను తనిఖీ చేసి 169 సవ్యంగా ఉన్నాయని చెప్పింది. 2024 మేలో ఆ తనిఖీలకు వెళ్లిన సీబీఐ ఇన్‌స్పెక్టరే లంచం కేసులో అరెస్టయ్యాడు. ఆ 169నీ మళ్లీ చూడమని కోర్టు చెప్పాల్సి వచ్చింది.

ముందు లెక్క వేయండి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం బీఎస్సీలో పదిమంది విద్యార్థులకు ఒక టీచర్ ఉండాలి. ఏడాదికి 60 సీట్లంటే నాలుగేళ్లకు 240 మంది, అంటే 24 మంది టీచర్లు. వెబ్‌సైట్‌లో పద్నాలుగు ఫొటోలుంటే మిగతా పదిమంది ఎక్కడని అడగండి. అదే కాలేజీలో ఎమ్మెస్సీ కూడా నడుస్తుంటే ఆ పద్నాలుగు మందినే రెండు చోట్లా చూపిస్తున్నారేమో కనుక్కోండి.

తర్వాత బ్రాంచి. ఎమ్మెస్సీలో ఐదు ఉన్నాయి: మెడికల్ సర్జికల్, కమ్యూనిటీ హెల్త్, ఓబీజీ (ప్రసూతి, స్త్రీ వ్యాధులు), చైల్డ్ హెల్త్, మెంటల్ హెల్త్. పేరు పక్కన బ్రాంచి లేకుండా ఉత్త ‘ఎం.ఎస్సీ.(ఎన్)’ అని ఉంటే ఏ బ్రాంచో, ఏ సంవత్సరం పాసయ్యారో అడగాలి. 2021లో ఎమ్మెస్సీ ముగించిన వ్యక్తి నాలుగేళ్లకే ప్రొఫెసర్ కావడం కుదరదు. మీరు చైల్డ్ హెల్త్‌లో చేరి, గైడుగా మెడికల్ సర్జికల్ వాళ్లు వస్తే థీసిస్ దగ్గర ఇరుక్కుంటారు. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు చెప్పడానికి నిజంగా అక్కడ పనిచేసేవాళ్లెవరూ వెనకాడరు.

పరిశోధన సంగతి కాస్త ఓపిగ్గా చూడాలి. పేపర్ల శీర్షికలన్నీ ‘ఫలానా విషయంపై స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ప్రభావం’ అనే ఉంటే అది ఆసక్తి కాదు, ఒకే మూసలో పోసిన పని. అలాంటి పేపర్లలో అరవై మందిని, దొరికినవాళ్లను దొరికినట్టు తీసుకుంటారు. ముప్పై ప్రశ్నలిచ్చి, ఓ గంట పాఠం చెప్పి, ఏడో రోజున అవే ప్రశ్నలు మళ్లీ ఇస్తారు. పోల్చడానికి కంట్రోల్ గ్రూపు ఉండదు. ఒకసారి చూసిన ప్రశ్నలు రెండోసారి వస్తే పాఠం లేకపోయినా మార్కులు పెరుగుతాయి. కాబట్టి పీ విలువ 0.05 కంటే తక్కువ రావడం, అంటే లెక్కల్లో తేడా ఉన్నట్టు తేలడం, దాదాపు ఖాయం. రోగికి ఏం ఒరిగిందో మాత్రం ఎవరూ కొలవరు. నిజమైన ఆసక్తి ఉన్నవాళ్లు ఒకే ప్రశ్నను ఏళ్ల తరబడి పట్టుకుంటారు. ఉదాహరణకు తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు కంగారూ కేర్ (బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి ఉంచడం) ఎన్ని గంటలు అందుతోంది, ఇంటికెళ్లాక ఎందుకు ఆగిపోతోంది అనేది. ‘పీహెచ్‌డీ’ అని రాసుకుంటే పీహెచ్‌డీ థీసిస్‌లు ఉంచే వెబ్‌సైట్ శోధ్‌గంగలో పేరు వెతకండి. అన్ని థీసిస్‌లూ అక్కడ ఉండవు, అయినా వెతకడం నయం. రోగులపై ప్రయోగం చేశామంటే ఎథిక్స్ కమిటీ అనుమతి, సీటీఆర్ఐ (దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు అడగండి. యూజీసీ గుర్తించిన జర్నల్స్ జాబితా అయిన కేర్ లిస్టును 2025లో ఎత్తేశారు కాబట్టి ‘కేర్ జర్నల్‌లో వచ్చింది’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకుండా పేపరే తీసి చదవండి.

కమ్యూనిటీ హెల్త్ బ్రాంచి తీసుకునేవాళ్లకు ఒక్క ప్రశ్న చాలు: విద్యార్థులు ఏ పీహెచ్‌సీకి, ఏ పల్లె దవాఖానాకు లేదా విలేజ్ హెల్త్ క్లినిక్‌కు, వారంలో ఏ రోజుల్లో వెళ్తారు? ఊరి పేరు వెంటనే రాకపోతే పోస్టింగ్ కాగితాల మీదే నడుస్తోందన్నమాట.

వీలైతే కాలేజీ అనుబంధ ఆసుపత్రికి మామూలు రోజున, ఉదయం పదింటికి, చెప్పకుండా వెళ్లండి. మంచాలు కాదు, మంచాల మీద మనుషులను లెక్కపెట్టండి. వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ను ‘స్టూడెంట్లతో ఏ మేడమ్ వస్తారు’ అని అడగండి. వెబ్‌సైట్‌లోని పేర్లలో ఒక్కటైనా ఆమె నోట రావాలి. విదేశాలకు వెళ్లే ఆలోచన ఉన్న బీఎస్సీ వాళ్లకు ఇది మరీ ముఖ్యం. విదేశీ నర్సుల చదువును పరిశీలించే అమెరికా సంస్థ సీజీఎఫ్ఎన్ఎస్ (ఇప్పటి పేరు ట్రూమెరిట్) పరిశీలనలో పెద్దల వార్డు, ప్రసూతి, పిల్లలు, మానసిక వైద్యం, ఒక్కోదానికి థియరీ గంటలు, క్లినికల్ గంటలు విడివిడిగా కాలేజీయే రాసి పంపాలి. అప్పటికి ఆ కాలేజీ తలుపులు తెరిచి ఉంటాయో లేదో!

ఇవన్నీ అడిగితే ‘ముందు అడ్వాన్స్ కట్టండి, సర్టిఫికెట్లు ఇచ్చేయండి, తర్వాత చూపిస్తాం’ అంటారు. ఒరిజినల్స్ పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలే తప్ప దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. జిరాక్సులే ఇవ్వండి. డబ్బు కట్టాల్సి వస్తే కాలేజీ ఖాతాకే కట్టి రసీదు తీసుకోండి. ఏజెంటు ఫోన్‌పే నంబరుకు మాత్రం పంపకండి.