హెచ్చరిక: ‘లక్ష పాటల మ్యూజిక్ సర్వర్’ డబ్బాకు అడ్వాన్స్ కొట్టకండి

హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ గ్రూపుల్లో మ్యూజిక్ సర్వర్ (పాటలన్నీ దాచి వైఫై మీద ఫోన్లకు వినిపించే చిన్న కంప్యూటర్) అమ్ముతామని ఒక ప్రకటన తిరుగుతోంది. ‘1 టీబీ, లక్ష ఫ్లాక్ పాటలు, వైఫైకి కలిపితే చాలు.’ పైసలు పంపే ముందు ఒక్క లెక్క వేయండి. ఫ్లాక్ అంటే నాణ్యత తగ్గకుండా పాటను దాచే ఫైలు. సీడీ నాణ్యతలో ఫ్లాక్ పాట నిమిషానికి సుమారు 6 ఎంబీ తింటుంది. ఐదు నిమిషాల పాటకు 30 ఎంబీ, లక్ష పాటలకు 3 టీబీ. 1 టీబీలో లక్ష పట్టాయంటే పాటకు 10 ఎంబీకి మించి రాలేదు. కొంత శబ్దం తీసేసి సైజు తగ్గించే ఎంపీ3కే, 320 కేబీపీఎస్ (సెకనుకు వాడే డేటా) అయితే, 12 ఎంబీ కావాలి. అంటే అమ్మేవాడు చెప్పే రెండు మాటల్లో ఒకటి అబద్ధం. (1 టీబీ డిస్కును విండోస్ 931 జీబీ అని చూపిస్తే మాత్రం కంగారు పడొద్దు, అది లెక్కపెట్టే పద్ధతిలో తేడా.)

సైజు సరిపోయినా పాట అసలుదని నమ్మకం లేదు. ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చితే సైజు పెరుగుతుంది, పోయిన శబ్దం తిరిగి రాదు. స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాట వేసి చూడండి, శబ్దం ఎంత ఎత్తు ఫ్రీక్వెన్సీ దాకా ఉందో బొమ్మగా చూపిస్తుంది. 128 కేబీపీఎస్ నుంచి మార్చినదైతే దాదాపు 16 కిలోహెర్ట్జ్ దగ్గర, 320 నుంచి మార్చినదైతే 20 దగ్గర గట్టు కోసినట్టు ఆగిపోతుంది. అసలు సీడీ 22 దాకా పోతుంది. పాత టేపు రికార్డింగుల్లో పై శబ్దం సహజంగానే తక్కువ, కానీ అది మెల్లగా పలచబడుతుంది, గీత గీసినట్టు తెగిపోదు. ఈ తేడా తెలియక మంచి ఫైలును అనుమానించేవాళ్లూ ఉన్నారు. పాత సినిమా పాటకు ‘24 బిట్, 192 కిలోహెర్ట్జ్’ అని, అంటే సీడీని మించిన నాణ్యత అని, రాసి ఉంటే ఆ పాటనే ముందు పరీక్షించండి.

డబ్బా విప్పితే చాలావరకు కనిపించేది రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతంత కంప్యూటర్ బోర్డు, ఫోన్ చార్జర్, పాత ల్యాప్‌టాప్ నుంచి తీసిన హార్డ్‌డిస్క్. అసలు గండం చార్జర్‌తోనే. పై 4కు 5.1 వోల్టులు, 3 ఆంపులు కావాలి. 33 వాట్లు, 65 వాట్లు అని రాసిన ఫోన్ చార్జర్ ఆ వాట్లను ఎక్కువ వోల్టేజీలో ఇస్తుంది. 5 వోల్టుల దగ్గర కొన్నిటికి 2 ఆంపులే గతి. సన్నటి కేబుల్‌లో ఇంకొంత పోతుంది. డిస్క్ తిరగడం మొదలైన క్షణంలో కరెంటు గుంజితే వోల్టేజీ 4.63 కిందికి జారి తెరమీద పసుపు మెరుపు గుర్తు వస్తుంది. పాట మధ్యలో ఆగడం, డిస్క్ మాయమై మళ్లీ రావడం తరచుగా దీనివల్లే. అమ్మినవాడు మాత్రం ‘మీ వైఫై వీక్ సార్’ అంటాడు. పై 4లో అన్ని యూఎస్‌బీ పోర్టులకూ కలిపి 1.2 ఆంపులే, కాబట్టి డిస్కుకు సొంత అడాప్టర్ ఉన్న డాక్ (డిస్కును పెట్టే స్టాండు) ఉండాలి. అడాప్టర్ మీద ‘ఆర్’తో మొదలయ్యే బీఐఎస్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి.

డిస్కును విప్పి కంప్యూటర్‌కు తగిలించి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో చూపించమనండి, డిస్క్ ఎన్ని గంటలు తిరిగిందో ఆ సాఫ్ట్‌వేర్ చెబుతుంది. ఏడాదికి 8,760 గంటలు. ‘కొత్తది’ అన్న డిస్క్ 25,000 గంటలు చూపిస్తే అది దాదాపు మూడేళ్లు ఆగకుండా తిరిగింది. డిస్కులో చెడిన చోట్లను చెప్పే 05, సీ5 వరుసల్లో ‘రా వాల్యూస్’ గడిలో సున్నా తప్ప ఏది ఉన్నా వద్దనండి. గంటలు సున్నా చేసి అమ్మేవాళ్లూ ఉన్నారు, కాబట్టి తయారీ తేదీ లేబుల్ కూడా చూడండి.

సొంతంగా కట్టుకుంటే ఇన్ని తంటాలుండవు. రిఫర్బిష్డ్ మినీ పీసీ, 8 జీబీ ర్యామ్, సిస్టమ్‌కు చిన్న ఎస్‌ఎస్‌డీ, పాటలకు వేరే డిస్క్, బ్యాకప్‌కు ఇంకొకటి. ఖాళీగా ఉన్నప్పుడు 10 వాట్ల చుట్టుపక్కల తింటుంది, నెలకు ఏడు యూనిట్లు. లినక్స్ (ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) మీద పాటలు వినిపించే సాఫ్ట్‌వేర్‌గా నావిడ్రోమ్ గానీ లిరియన్ మ్యూజిక్ సర్వర్ గానీ వేయండి. ఫోన్లో వినడానికి సర్వర్‌కు డీఏసీ (డిజిటల్ పాటను యాంప్లిఫయర్‌కు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పరికరం) అక్కర్లేదు, యాంప్లిఫయర్‌కు నేరుగా కలిపితేనే యూఎస్‌బీ డీఏసీ కావాలి. విడిభాగాలు ఇక్కడ దొరక్కపోతే కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీకి పొండి, షాపులోనే ఆన్ చేయించి చూసుకోవచ్చు. మన ఎండలకు డిస్కును అల్మారాలో మూసిపెట్టకండి. ఇన్వర్టర్ ఉంటే యూపీఎస్ మోడ్‌లో పెట్టండి, మామూలు మోడ్‌లో మారే ఆ చిన్న జాగులోనే ఫైళ్లు ఖరాబవుతాయి.

సినిమా పాటలకు ఒక చిక్కు ఉంది. ఒక్కో పాటకు ఒక్కో గాయకుడు, అందుకే పాట ఫైలులో రాసి ఉండే ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ ట్యాగు ఖాళీగా ఉంటే ఒకే సినిమా ఐదారు ఆల్బములుగా ముక్కలవుతుంది. ట్యాగులు దిద్దే ఎంపీ3ట్యాగ్ సాఫ్ట్‌వేర్‌లో సినిమా పాటలన్నీ ఎంచుకుని ఆ గడిలో సంగీత దర్శకుడి పేరు ఒకేలా నింపండి, చాలు. తెలుగు పేర్లు చతురస్రాలుగా కనిపిస్తే అది ఫాంటు లోపం. చూసే కంప్యూటర్‌లో డెబియన్ (ఒక రకం లినక్స్) ఉంటే తెలుగు ఫాంట్ల ప్యాకేజీ వేస్తే పోతుంది. అందులో పోతన పేరిట ఒక ఫాంటు కూడా ఉంది, బమ్మెర మనకు దగ్గరే కదా.

కట్టుకునే ఓపిక లేక రెడీమేడే కొంటామంటే, ఖాళీ డిస్కుతో కొనండి. అనుమతి లేకుండా పాటలు నింపి అమ్మడం కాపీరైట్ ఉల్లంఘన, ఆ పాటలకు ఎవడూ పూచీ పడడు. అడ్మిన్ పాస్‌వర్డ్ కాగితం మీద రాయించుకోండి. లేకపోతే చిన్న సెట్టింగుకూ వాళ్ల కాళ్లు పట్టుకోవాలి. జీఎస్టీ బిల్లు అడగండి, తెలంగాణ అమ్మకందారుడి నంబరు 36తో మొదలవుతుంది.

ఇప్పటికే కొని మోసపోయినవాళ్లు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తేలకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఎక్కడున్నా మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. డబ్బా తిరిగి పంపే ముందు డిస్క్ గంటల స్క్రీన్‌షాట్, స్పెక్ బొమ్మలు, ప్రకటన, చాట్ అన్నీ దాచుకోండి. డిస్కును మాత్రం ఫార్మాట్ చేయకండి, మీ రుజువంతా అందులోనే ఉంది.