ఆర్డర్లు తేవడం ఎక్కడ నేర్చుకోవాలి: ఎంబీఏలోనా, కస్టమర్ గేటు దగ్గరా?

జీడిమెట్లలో మాది చిన్న మిషనింగ్ యూనిట్. షాఫ్టులు, బుష్‌లు, ఫ్లాంజ్‌ల వంటి యంత్ర భాగాలు చేస్తాం. పిల్లలను వ్యాపారంలోకి తెస్తున్న తోటి యూనిట్ల వాళ్లు ఈ మధ్య కనిపిస్తే చాలు, నన్ను ఒకటే అడుగుతున్నారు. "మావాడికి మిషను మీద పని వచ్చు, ఆర్డర్లు తేవడం రాదు. ఎంబీఏకి పంపమంటారా? ఏదైనా చిన్న కోర్సు చేయించమంటారా? లేక మంచి మార్కెటింగ్ మనిషిని పెట్టుకుంటే సరిపోతుందా?"

నన్ను అడగడానికి కారణం ఉంది. మా తమ్ముడి కొడుకు రెండేళ్లు ఐటీ ఉద్యోగం చేసి, కిందటి ఏడాది యూనిట్‌కు వచ్చేశాడు. వాడిని ఎక్కడికి పంపాలన్నదాని మీద మా ఇంట్లో మూడు నెలలు చర్చ నడిచింది. తమ్ముడు ఎంబీఏ అన్నాడు. నేను కాదన్నాను. చివరికి నా మాట నెగ్గింది కాబట్టి నేను రాసేది కాస్త ఒకవైపు ఒరిగి ఉంటుంది, అది గుర్తు పెట్టుకుని చదవండి.

ఎంబీఏని తక్కువ చేయను. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు మొదట తట్టేది గచ్చిబౌలిలోని ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్). ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూనే చదివే కార్యక్రమాలు కూడా అక్కడ ఉన్నాయి. అటువంటి చదువు వల్ల అబ్బేది లెక్కలను దూరం నుంచి చూసే అలవాటు. అది మా నాన్నకు లేదు, నాకూ చాలాకాలం లేదు. తొంభైలలో మా అమ్మకాల్లో ముప్పావు వంతు ఒకే ప్రభుత్వరంగ సంస్థకు వెళ్లేది. దాన్ని మేం అదృష్టం అనుకున్నాం. అక్కడ ఆర్డర్లు పలచబడినప్పుడు ఆరు లేతు మిషన్లలో నాలుగింటి మీద టార్పాలిన్లు కప్పాం. ఎంబీఏ చదివిన కుర్రాడు ఎవరైనా వచ్చిన మొదటి వారంలోనే ఆ లెక్క కాగితం మీద పెట్టి, "ఇది ప్రమాదం" అని వేలు చూపించేవాడు. పదేళ్ల తర్వాత కంపెనీ నిలబడాలంటే కావలసిన చూపు అది.

కానీ అక్కడి పాఠాల్లో ఎక్కువగా కనిపించేవి అమ్మకాల విభాగం, ప్రకటనల విభాగం, కొనుగోళ్ల విభాగం వేర్వేరుగా ఉన్న పెద్ద కంపెనీలు. మా దగ్గర కొటేషన్ వేసేవాడు, సరుకు పంపేవాడు, డబ్బు కోసం ఫోన్లు చేసేవాడు ఒక్కడే. పైగా పేరున్న చోట ఫీజు కంప్యూటర్‌తో నడిచే ఒక కొత్త సీఎన్‌సీ లేతు ధరతో పోటీ పడుతుంది. లేతు మరుసటి నెల నుంచే కిస్తీ కట్టుకుంటుంది, డిగ్రీ కట్టుకోదు.

చిన్న కోర్సుల విషయంలో నాకు తటపటాయింపు లేదు, చేయించండి. యూసఫ్‌గూడలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ని-ఎంఎస్ఎంఈ ఉంది. చిన్న పరిశ్రమల వాళ్లకు శిక్షణ ఇవ్వడమే దాని పని. అటువంటి చోట నేర్చుకోవలసింది మాటకారితనం కాదు, నిబంధనలు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు 45 రోజులకు మించి బకాయి పెట్టకూడదు. పెడితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం దీనికి పళ్లు పెట్టింది. గడువు దాటిన బకాయిని అసలు చెల్లించేదాకా కొనుగోలుదారు తన ఖర్చుగా చూపించుకోలేడు. కేంద్ర శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు తమ కొనుగోళ్లలో ఏటా కొంత వాటా సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి తీసుకోవాలన్న విధానం 2012 నుంచి ఉంది, మొదట 20 శాతం ఉన్న ఆ వాటా తర్వాత 25 శాతం అయింది. ప్రభుత్వ కొనుగోళ్ల కోసం 2016లో మొదలైన జెమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోని యూనిట్లు మా వీధిలో ఇప్పటికీ ఉన్నాయి. ఇవన్నీ తెలియడానికి నాలుగైదు రోజుల తరగతులు చాలు. బేరమాడటం ఎలా, నమ్మకం పెంచుకోవడం ఎలా అని చెప్పే వీడియోలంటారా, భోజనం చేస్తూ చూడొచ్చు.

మార్కెటింగ్ మనిషిని పెట్టుకోవడం నేను చేసి చూశాను. బాగా పనిచేశాడు. మూడేళ్లలో ఏడుగురు కొత్త కస్టమర్లను తెచ్చాడు. నాలుగో ఏడు వేరే యూనిట్‌లో చేరాడు, వాళ్లలో నలుగురు ఆయన వెంటే వెళ్లారు. ఆయన తప్పేమీ లేదు. ఆ కస్టమర్లలో ఒక్కరి ముఖం కూడా నేను చూడలేదు, నా ముఖం వాళ్లు చూడలేదు. యజమాని ఆ పని తెలుసుకున్నాక మనిషిని పెట్టుకుంటే మంచిదే. తెలియక ముందు పెట్టుకుంటే కంపెనీ మన పేరున ఉంటుంది, వ్యాపారం ఆయన జేబులో ఉంటుంది.

వారం వారం ఉదయాన్నే కలిసి ఒకరికొకరు పరిచయాలు ఇచ్చుకునే బృందాలు ఇంటీరియర్ పనివాళ్లకు, క్యాటరింగ్ వాళ్లకు బాగా పనికొస్తాయి. పంపు షాఫ్టు కావలసినవాడు ఆ టిఫిన్ బల్ల దగ్గర దొరకడం కష్టం. బెంగళూరు ఇమ్‌టెక్స్ వంటి మిషన్ల ప్రదర్శనలకు తప్పకుండా వెళ్లండి, కానీ ముందు చూడటానికి వెళ్లండి. స్టాల్ సంగతి తర్వాత.

ఇక నా దృష్టిలో అసలు తేల్చేది ఒకటే: పోయిన కొటేషన్ ఎందుకు పోయిందో మీకు ఎవరు చెబుతారు? వచ్చిన ఆర్డరు ఎందుకు వచ్చిందో మనకు మనమే ఏదో ఒకటి చెప్పుకుంటాం. పోయినప్పుడు మాత్రం అందరం ఒకే మాట అంటాం, "ధర ఎక్కువైంది" అని. నేను పదిహేనేళ్లు అలాగే అన్నాను.

ఒకసారి పటాన్‌చెరు దగ్గర పంపులు చేసే ఒక కంపెనీకి షాఫ్టుల కొటేషన్ ఇచ్చాం. రాలేదు. అటువైపు వేరే పని మీద వెళ్లినప్పుడు గేటు దగ్గర పాస్ రాయించుకుని, గంటన్నర కూర్చుని, పర్చేజ్ మేనేజర్‌ను కలిశాను. "మేడం, ధర ఎంత తగ్గించి ఉంటే మాకు వచ్చేది?" అని అడిగాను. ఆవిడ ఫైలు తీసి, నాలుగు కొటేషన్లు పక్కపక్కన పరిచి, మాది పైన పెట్టింది. "ధరలో మీరే తక్కువ అండీ" అంది.

నాకు నోట మాట రాలేదు. ఆవిడ డ్రాయింగు తెరిచి ఒక కొలత మీద పెన్ను పెట్టింది. షాఫ్టు డయామీటర్ ఇచ్చారు, క్రోమ్ ప్లేటింగ్ (పైన క్రోమియం పూత) చేయాలని రాశారు. ఆ కొలత ప్లేటింగ్‌కు ముందుదా, తర్వాతదా అన్నది డ్రాయింగులో లేదు. "మిగతా ముగ్గురిలో ఇద్దరు ఫోన్ చేసి అడిగారు. మీరు అడగలేదు. అంటే డ్రాయింగు చదవకుండా బరువు మీద రేటు వేశారని మా డిజైన్ వాళ్లు అన్నారు. పైగా డెలివరీ దగ్గర 'వీలైనంత త్వరగా' అని రాశారు. నేను దాన్ని ప్లానింగ్‌లో ఏ వారంలో వేసుకోను?"

డ్రాయింగు చదవలేదన్నది నిజమే.

ఆ పది నిమిషాలు ఏ తరగతిలోనూ దొరకవు. పాఠం గొప్పదని కాదు, అది నా కొటేషన్ మీద, నా తప్పు మీద చెప్పిన పాఠం కాబట్టి. అప్పటి నుంచి డ్రాయింగు వచ్చిన రోజే కనీసం ఒక ప్రశ్న అడగకుండా రేటు వేయడం మానేశాం. డెలివరీ వారాల్లో రాస్తాం. ఆ కంపెనీ నుంచి ఎనిమిది నెలలకు మొదటి ఆర్డరు వచ్చింది, ఇప్పటికీ వస్తోంది.

అందుకే మా వాడికి మేం వేసిన దారి ఇది. మొదటి ఏడాది నాతోనూ, మా నాన్న కాలం నుంచి ఉన్న సూపర్‌వైజర్‌తోనూ కస్టమర్ల దగ్గరికి తిరగడం. మధ్యలో రెండు చిన్న కోర్సులు, ఒకటి ఖర్చులు లెక్కగట్టడం మీద, ఒకటి ప్రభుత్వ కొనుగోళ్ల మీద. ఎంబీఏ సంగతి వాడికి ముప్పై దాటాక చూస్తాం, అప్పటికి వాడి దగ్గర సొంత ప్రశ్నలు ఉంటాయి. మీ యూనిట్‌లో ఇప్పటికే యాభై మంది ఉండి, కొటేషన్లకు, వసూళ్లకు వేర్వేరు మనుషులు ఉంటే నా లెక్క మీకు వర్తించదు. మీవాడికి తిరగడం కంటే ఆ మనుషులను నడపడం రావాలి, అది నేర్పడంలో ఎంబీఏదే పైచేయి.

వాడికి ఒక రూళ్ల నోటుబుక్కు ఇచ్చాను. ఎవరికి, ఏమిటి, ఎంతకు, వచ్చిందా, రాకపోతే ఎందుకు. ఈ అయిదు గడులు. మొదటి నెల పదకొండు కొటేషన్లు వెళ్లాయి, రెండు వచ్చాయి. మిగిలిన తొమ్మిదింటిలో ఆరింటికి చివరి గడిలో "ధర ఎక్కువ" అని రాశాడు.

"ఎవరు చెప్పారు?" అన్నాను.

"ఎవరూ చెప్పలేదు పెదనాన్నా, అదే అయి ఉంటుందని..."

ఆరూ కొట్టేయించాను. సోమవారం నుంచి ఒక్కొక్కటిగా ఆ ఆరు గేట్లకూ వెళుతున్నాడు.