పేగన్ స్పిరిట్ గాదరింగా, స్టార్‌వుడ్డా?

అమెరికాలో పేగన్ల (ప్రకృతిని, క్రైస్తవానికి ముందటి పాత దేవతలను కొలిచేవాళ్ల) వేసవి క్యాంపింగ్ ఉత్సవాల్లో ఒక్కదానికే సెలవు దొరికితే దేనికెళ్లాలి? తరచూ మిగిలేవి ఈ రెండే. రెండూ 1980ల నుంచీ నడుస్తున్నవే.

ఎప్పుడు: గాదరింగ్ జూన్‌లో, పగలు అతి పొడుగ్గా ఉండే రోజును కలుపుకొని వారం. స్టార్‌వుడ్ జులైలో. అదీ సుమారు వారమే.

ప్రత్యేక కార్యక్రమాలు: అసలు తేడా ఇక్కడే. సర్కిల్ శాంక్చువరీ అనే పేగన్ సంస్థ నడిపే గాదరింగ్‌లో పూజావిధులకే పెద్దపీట. రాత్రివేళ కొవ్వొత్తులు వరసగా పేర్చిన వలయాకార దారిలో మెల్లగా నడుస్తూ మధ్యకు చేరి, అదే దారిన వెనక్కి రావాలి. నా మటుకు వారం మొత్తానికి అదొక్కటి చాలు. యుక్తవయసుకొచ్చే పిల్లలకు వేడుకలూ ఉంటాయి. స్టార్‌వుడ్‌లో రకరకాల మతమార్గాల ఉపన్యాసాలు, కచేరీలు, తెల్లవార్లూ డప్పులు. చివర్లో వెలిగించే మంట ముందు మన భోగిమంట చిన్నబోతుంది.

ఖర్చు: రెండింటికీ టికెట్టుంది, డేరా మనదే.

శ్రమ: గాదరింగ్‌లో అందరూ ఏదో ఒక పనికి చెయ్యి వేయాలి. కొత్తవాళ్లకు పరిచయాలు అక్కడే కలుస్తాయి, తప్పించుకోకండి.

ఇబ్బంది: ఎండ, వాన, బురద రెండుచోట్లా తప్పవు. నిద్ర పలచనైతే స్టార్‌వుడ్‌లో డప్పులకు దూరంగా డేరా వేసుకోండి. ఎక్కడైనా అడగకుండా ఎవరి ఫొటో తీయొద్దు.

పిల్లలతో వెళ్లేవాళ్లకు, విధుల్లో మనసుపెట్టి కూర్చోవాలనుకునేవాళ్లకు గాదరింగ్. సంగీతం, చర్చలు కావాలన్నా, ఏ మార్గమో ఇంకా తేల్చుకోకపోయినా స్టార్‌వుడ్.