ఆరేళ్ల పిల్లకు ఏది మేలు: సంగీతమా, కూచిపూడా, ఈతా?

జూన్‌లో బడులు తెరవగానే ఈ ప్రశ్న మళ్లీ మొదలవుతుంది. ఒక్కదానిలోనే చేర్పించగలం, ఏది? ఫీజు, దూరం, గురువుగారి పేరు అన్నీ చూడాల్సినవే. కానీ ఆర్నెల్లకు పిల్ల మానేస్తుందా, నిలబడుతుందా అన్నది తేలేది మాత్రం క్లాసు లేని రోజుల్లో, ఇంట్లో.

కర్ణాటక సంగీతానికి ఈ సంగతి అన్నిటికంటే ఎక్కువ వర్తిస్తుంది. మొదటి ఏడాది దాదాపుగా మాయామాళవగౌళ రాగంలోనే, స్వరాల సాధనతో గడుస్తుంది: సరళీ వరుసలు, జంట స్వరాలు, అలంకారాలు. ఆ తర్వాతే మలహరి రాగంలో గీతాలనే చిన్న పాటలు. వారానికి రెండు క్లాసులతో సరళీ వరుసలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, నిలవవు. రోజూ పదిహేను నిమిషాలు పెద్దవాళ్లెవరో పక్కన కూర్చోవాలి. వాళ్లకు పాట రానక్కర్లేదు, ఆది తాళం ఎనిమిది అక్షరాలూ (లెక్కలూ) తప్పకుండా వేయగలిగితే చాలు: దెబ్బ, మూడు వేళ్లు, దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. ఎక్కువగా చెడేది శ్రుతి దగ్గర, అంటే ‘స’ను ఏ ఎత్తులో పెట్టుకుని పాడాలన్న దగ్గర. గురువు తన శ్రుతికే పాడిస్తే పిల్ల పై షడ్జం (పై ‘స’) దగ్గర అరుస్తుంది, లేదా కింద షడ్జం దగ్గర గొణుగుతుంది. రెండూ లేకుండా పాడగలిగే శ్రుతి ఏదో మొదటి వారంలోనే అడిగి, ఇంట్లో తంబూరా యాప్‌లో అదే పెట్టండి.

కూచిపూడిలో కొంత బరువు క్లాసే మోస్తుంది. పదిమందితో కలిసి అడుగు వేయడంలో ఉత్సాహం ఉంటుంది కాబట్టి ఇంట్లో బతిమాలే పని తక్కువ. చేర్చేముందు నేల చూడండి. సెల్లార్లలో గ్రానైట్ మీద గంటసేపు తట్టిస్తే మడమలూ మోకాళ్లూ నొప్పెడతాయి. అరమండిలో, అంటే మోకాళ్లు వంచి సగం కూర్చున్నట్టు నిలబడే భంగిమలో, మోకాళ్లు పాదాల వైపుకే తెరుచుకోవాలి. పాదాలు పక్కకు, మోకాళ్లు ముందుకు ఉంటే గురువు వెంటనే దిద్దాలి. దిద్దకపోతే ఆ క్లాసు వద్దు.

 

ఈత ఇంటికి తెచ్చే పని తడి తువ్వాలు ఒక్కటే. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగస్తులైతే నా ఓటు దీనికే. నాలుగేళ్లు నిండేసరికి చాలామంది పిల్లలు ఈత పాఠాలకు సిద్ధంగా ఉంటారని అమెరికా పిల్లల వైద్యుల సంఘం మాట. చేతులకు గాలి బుడగలు తగిలించి వదిలే చోటు మాత్రం వద్దు. వాటితో పిల్ల నీళ్లలో నిలువుగా ఉండటానికి అలవాటు పడుతుంది, తీసేయగానే మునుగుతుంది. ముందు నీళ్లలో ఊపిరి వదలడం, తర్వాత వెల్లకిలా తేలడం, గోడ పట్టుకుని కాళ్లాడించడం, ఆపైనే చేతులు. వేసవి శిబిరం ముగియగానే ఈత వచ్చేసిందనుకుని మానిపించేవాళ్లే ఎక్కువ. అమెరికన్ రెడ్‌క్రాస్ కొలత వేరు: తల మునిగే లోతులోకి దిగి పైకి రావాలి, ఒక నిమిషం తేలాలి, చుట్టూ తిరిగి గట్టు ఎటో చూసుకోవాలి, 25 గజాలు ఈదాలి, నిచ్చెన లేకుండా గట్టెక్కాలి. అది వచ్చేదాకా వారానికి రెండుసార్లు పంపండి. అప్పటికి పిల్లకు ఏడో ఎనిమిదో వస్తాయి. సరళీ వరుసలు మొదలెట్టడానికి అదేం ఆలస్యం కాదు.