నాన్నగారి కాలేయాన్ని కనిపెట్టుకున్న ఐ.సి.యు.: కర్నూలు ఆసుపత్రిపై నా అభిప్రాయం

మూత్రంలోని ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకడంతో మా నాన్నగారిని ఎమ్మిగనూరు నుండి కర్నూలులోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకువచ్చాము. తొమ్మిది రోజులు ఐ.సి.యు.లో ఉన్నారు. మూడో రోజుకు కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లేనని తేల్చేసిన బంధువులు పసరు మందు పోయిద్దామని పట్టుబట్టారు. అప్పుడు డ్యూటీ డాక్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి ఓపికగా చెప్పిన మాటలే నేనిది రాయడానికి కారణం.

ఈ.కోలై వంటి బ్యాక్టీరియా పైపొరలో ఎల్.పి.ఎస్. అనే విషపదార్థం ఉంటుంది. కాలేయంలోని సన్నని రక్తనాళాల గోడలను అంటిపెట్టుకుని కాపలా కాసే కుప్ఫర్ కణాలు దానిని టి.ఎల్.ఆర్.4 అనే గ్రాహకంతో పసిగట్టి, టి.ఎన్.ఎఫ్., ఐ.ఎల్.6 వంటి సంకేతాలను విడుదల చేస్తాయి. అవి అందుకున్న కాలేయ కణాలు రక్తంలోని ముఖ్యమైన ప్రోటీన్ అయిన ఆల్బుమిన్ తయారీని తగ్గించి, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు పెరిగే సి.ఆర్.పి. అనే మరో ప్రోటీన్‌ను విపరీతంగా తయారుచేస్తాయి. పైత్యరసాన్ని బయటికి పంపే పని మందగించి కళ్లు పచ్చబడతాయి. అంటే నాన్నగారి కామెర్లకు మూలం ఆ ఇన్ఫెక్షనే గాని, కాలేయానికి విడిగా పట్టిన జబ్బు కాదు. పసరు మాట అంతటితో ఆగిపోయింది.

నాన్నగారికి మధుమేహం ఉంది. చేర్చిన రోజు షుగర్ 310 ఉండగా ఇన్సులిన్ మొదలుపెట్టారు. నాలుగో రాత్రి రెండు గంటలకు నర్సమ్మ వేలు గుచ్చి చూస్తే 52. మనిషి ప్రశాంతంగా నిద్రపోతున్నట్టే ఉన్నారు, దిండు గలీబు మాత్రం చెమటకు తడిసింది. ఆమె క్షణం ఆలస్యం చేయకుండా గ్లూకోజ్ ఎక్కించారు. ఇన్ఫెక్షన్ ముదిరినప్పుడు కాలేయం గ్లూకోజ్‌ను దాచుకునే రూపమైన గ్లైకోజెన్ నిల్వ తరిగిపోతుందని, కొత్తగా గ్లూకోజ్ తయారుచేసే ఎంజైములను కూడా కుప్ఫర్ కణాలు పంపే ఆ సంకేతాలే అణచివేస్తాయని, అందుకే ఇన్సులిన్ ఇస్తున్న రోగికి గంటగంటకూ షుగర్ చూస్తున్నామని మరునాడు డాక్టరుగారు వివరించారు. ఇంతటి జాగరూకత నేను మరెక్కడా చూడలేదు.

వెంట ఉండేవారికి ఒక్క బల్ల తప్ప వసతి లేదు. అంతకంటే నాకు బాధ కలిగించింది డిశ్చార్జ్ సమ్మరీ: అంత శ్రద్ధగా గమనించిన షుగర్ పతనం గురించి అందులో ఒక్క మాట లేదు. రెండుసార్లు అడిగిన తరువాతే ఐ.సి.యు. చార్టు జిరాక్సు ఇచ్చారు. ఎమ్మిగనూరులో నాన్నగారిని చూసే డాక్టరుగారు ఆ జిరాక్సు చూసిన తరువాతే ఇన్సులిన్ మోతాదు తగ్గించారు.