గాజు ఇగ్లూ ఒక్క రాత్రికే: లాప్‌లాండ్‌లో జంటల శీతాకాలపు బసపై సమీక్ష

పడక మీద వెల్లకిలా పడుకుంటే నెత్తిన కప్పు ఉండదు. ఆకాశం ఉంటుంది, అందులో అరోరా అనే ధ్రువకాంతి ఆకుపచ్చ తెరల్లా ఊగుతుంటుంది. గాజు ఇగ్లూల ప్రకటనలన్నిటిలోనూ ఇదే ఫొటో. ఫొటోలో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆ ఒక్క ఫొటో చూసి సెలవులన్నీ గాజు గదిలోనే బుక్ చేసుకునే జంటలు చాలా ఉన్నాయి, నిరాశ మొదలయ్యేది అక్కడే. ఫిన్లండ్ లాప్‌లాండ్‌లో ఇద్దరికీ నాలుగు రాత్రులు దొరికితే మా సలహా ఇదీ: ఒక రాత్రి గాజు ఇగ్లూ, మూడు రాత్రులు పొయ్యి, సొంత సౌనా (ఆవిరి స్నానపు గది) ఉన్న దుంగల క్యాబిన్.

ముందు ఇగ్లూ సంగతి. ఉత్తరాన సారిసెల్కా దగ్గరి కక్స్‌లౌట్టానెన్ ఈ తరహా బసకు ప్రపంచమంతటా పేరు తెచ్చింది. ఇప్పుడు రొవానియెమి, లెవి, ఇనారి ప్రాంతాల్లో కూడా రకరకాలుగా కట్టారు. మామూలు గాజైతే లోపలి వెచ్చదనానికి ఆవిరి పట్టి, బయటి చలికి మంచు పేరుకుని కాసేపట్లోనే పాలరంగుకు తిరుగుతుంది. అందుకే వీటిలో పొరలు పొరలుగా ఉన్న ఇన్సులేటెడ్ గాజు వాడతారు, చాలాచోట్ల గాజును కరెంటుతో వేడి చేస్తారు. మైనస్ 30 డిగ్రీల్లోనూ లోపల పల్చటి చొక్కాతో ఉండొచ్చు. అంత చలిలో అంత తేటగా ఆకాశం కనిపించడం నిజంగా గొప్ప పని, దాన్ని తక్కువ చేయడానికి లేదు.

అయినా ఈ గాజుకు రెండు బలహీనతలున్నాయి. హోరుగా మంచు కురిసే రాత్రి వేడి తీగలు కరిగించే వేగం కన్నా మంచు పడే వేగమే ఎక్కువ, తెల్లారేదాకా కప్పు మీద దుప్పటి పరిచినట్టే ఉంటుంది. రెండోది మన చేతుల్లో ఉన్నది. తడిసిన మేజోళ్లు, చేతి తొడుగులు గదిలో ఆరేసి, కెటిల్‌లో నీళ్లు మరగబెడుతూ కూర్చుంటే ఆ ఆవిరంతా గాజుకే పడుతుంది. తడి బట్టలను రిసెప్షన్ దగ్గర ఆరబెట్టే గదిలో వదిలి రండి. టీ పెట్టుకుంటే సాయంత్రమే పెట్టుకోండి, అరోరా వేళకు కాదు.

బుక్ చేసే ముందు హోటల్‌కు రాసి అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. గదిలో స్నానానికి షవర్ ఉందా, లేక టాయిలెట్ మాత్రమేనా? చిన్న ఇగ్లూల్లో షవర్ వేరే భవనంలో ఉండటం మామూలే. తడి జుట్టుతో మైనస్ 25లో యాభై మీటర్లు నడవడం ఎవరికీ ముచ్చట కాదు. గాజు ఏ దిక్కుకు తెరుచుకుంటుంది? అరోరా తక్కువ చురుకుగా ఉన్న రాత్రుల్లో ఉత్తరపు అంచునే కనిపిస్తుంది కాబట్టి, కప్పు సగమే గాజైతే ఆ సగం ఉత్తరానికి ఉండాలి. దారి దీపాలు రాత్రి ఆర్పేస్తారా? పక్క ఇగ్లూ ఎంత దూరం? కొన్నిచోట్ల ఇవి వరసగా, చేతికందేంత దగ్గరగా ఉంటాయి. ఏకాంతం కోసం వెళ్లిన జంట పక్కవాళ్ల దీపం వెలుగులో కూర్చోవాల్సి వస్తుంది. తెరలు ఉన్నాయా అన్నది ఇంకా ముఖ్యం: లోపల దీపం వేస్తే బయటి నుంచి అన్నీ కనిపిస్తాయి. పెద్ద పెట్టెలు పెట్టేందుకు చోటుండదు, ఒక్క రాత్రికి సరిపడే చిన్న సంచీ విడిగా సర్దుకుని మిగతా సామాను హోటల్ స్టోర్‌లో పెట్టించండి. కళ్లకు కట్టుకునే పట్టీ ఇద్దరికీ రెండు. మార్చిలో తెల్లవారుజామునే వెలుతురు ముంచెత్తుతుంది, కప్పుకు తెర లేకపోతే నిద్ర అంతటితో సరి.

ఇక అసలు లెక్క. అరోరాను చూపించేది గాజు కాదు, రాత్రుల సంఖ్య. ఆకాశం తేటగా ఉండి, అరోరా వచ్చే అవకాశం రాత్రికి సగమని అనుకుందాం. ఒక్క రాత్రికి 50 శాతం. మూడు రాత్రులుంటే ఒక్కసారైనా కనిపించే అవకాశం 87 శాతం దాటుతుంది. మబ్బు పట్టిందంటే వరసగా రెండు మూడు రోజులు ఉంటుంది కనుక అసలు అవకాశం దీనికన్నా కాస్త తక్కువే, అయినా దిశ మాత్రం మారదు. ఒక్క రాత్రి ఇగ్లూకు పెట్టే డబ్బుతో చాలాసార్లు మామూలు క్యాబిన్‌లో రెండు రాత్రులు ఉండొచ్చు. క్యాబిన్ గుమ్మం దాటి ఐదు అడుగులు వేస్తే కనిపించేదీ అదే ఆకాశం.

నెల ఎంచుకోవడంలో కూడా ఎక్కువమంది తొందరపడతారు. క్రిస్మస్ వారంలో ధరలు శిఖరాన ఉంటాయి, జనం ఎక్కువ, నవంబర్, డిసెంబర్‌లలో మబ్బులూ ఎక్కువే. సారిసెల్కా దగ్గర డిసెంబర్ తొలి రోజుల నుంచి జనవరి రెండో వారం దాకా సూర్యుడు పైకి రాడు. దీన్ని అక్కడ కామోస్ అంటారు. మధ్యాహ్నం మూడు నాలుగు గంటలపాటు మంచంతా నీలం, గులాబీ రంగుల్లో మెరుస్తుంది. ఆ వెలుగు కోసమే వెళ్లేవాళ్లుంటే తప్పు పట్టలేం, అంత అందం. మొత్తం మీద చూస్తే ఫిబ్రవరి చివరి నుంచి మార్చి మూడో వారం వరకు జంటలకు ఉత్తమం. మంచు లోతు పూర్తిగా ఉంటుంది, పగలు ఎండ కాస్తుంది, చలి కొంత తగ్గుతుంది, రాత్రులు ఇంకా చీకటిగానే ఉంటాయి. పైగా పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుల చుట్టూ ఉన్న వారాల్లో అరోరా చురుకుదనం పెరుగుతుంది. ఏప్రిల్ మధ్యకు వచ్చేసరికి పూర్తి చీకటి మిగలదు.

అరోరా కోసం రాత్రంతా మేలుకోనక్కర్లేదు. తొమ్మిది నుంచి ఒంటిగంట మధ్య మెలకువగా ఉంటే చాలు. చాలా హోటళ్లు అరోరా కనిపించగానే మోగే అలారం ఇస్తాయి. ఫిన్లండ్ వాతావరణ సంస్థ మబ్బుల సూచన, అయస్కాంత సూచన రెండూ ఇస్తుంది. వాటిలో మబ్బుల పటానికే ఎక్కువ విలువ ఇవ్వండి. అంత ఉత్తరాన, అయస్కాంత అలజడిని 0 నుంచి 9 దాకా కొలిచే కెపి సూచీ 2 ఉన్నా ఆకాశం తేటగా ఉంటే కనిపిస్తుంది, 6 ఉన్నా మబ్బు కమ్మితే ఏమీ లేదు. గదిలో దీపాలన్నీ ఆర్పి, ఫోన్ పక్కన పెట్టి 20 నుంచి 30 నిమిషాలు కళ్లను చీకటికి అలవాటు పడనివ్వండి. బలహీనమైన అరోరా కంటికి బూడిదరంగు మబ్బులాగే ఉంటుంది, ఆకుపచ్చ కెమెరాకే తెలుస్తుంది. చురుకుగా ఉన్నప్పుడు మాత్రం రంగు కంటికీ పడుతుంది, తెరలు నిమిషాల్లో ఆకాశం ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తుతాయి. గాజు లోపలి నుంచి ఫొటో తీస్తే గదే ప్రతిబింబిస్తుంది. లెన్స్‌ను గాజుకు ఆనించి చుట్టూ నల్లటి మఫ్లర్ కప్పండి. కెమెరా స్టాండు మీద ఐఎస్‌ఓ 1600 నుంచి 3200, ఎఫ్ 2.8, ఐదు నుంచి పది సెకన్లు. ఇద్దరూ ఫొటోలో పడాలంటే ఊపిరి బిగబట్టి కదలకుండా నిలబడాలి, ఎవరైనా ఒక్క క్షణం మొహం మీద చిన్న టార్చి వెలుగు తిప్పితే సరిపోతుంది. బ్యాటరీలు లోపలి జేబులో, ఒంటికి తగిలేలా ఉంచుకోండి. చలికి అవి సగం చార్జిలోనే చేతులెత్తేస్తాయి.

ఇప్పుడు ఆ మిగతా మూడు రాత్రులు. సౌనాలో వేడి 70 నుంచి 90 డిగ్రీల మధ్య ఉంటుంది. రాళ్ల మీద గరిటెతో నీళ్లు చల్లితే ఎగసే ఆవిరిని లోయ్‌లు అంటారు. కొత్తవాళ్లు కింది మెట్టు మీద, ఎనిమిది పది నిమిషాలతో మొదలుపెట్టాలి. తర్వాత తువ్వాలు చుట్టుకుని వరండాలోకి వచ్చి చల్లబడటం, నీళ్లు తాగడం, మళ్లీ లోపలికి. ఇలా రెండు మూడు విడతలు చేసి పొయ్యి ముందు కూర్చుంటే వచ్చే హాయి ఏ గాజు గదీ ఇవ్వలేదు. క్యాబిన్‌కు సొంత సౌనా ఉంటేనే ఇది కుదురుతుంది, ఉమ్మడి సౌనాల్లో ఆడా మగా విడివిడిగా వెళ్లాల్సి రావచ్చు. మెడలో గొలుసు, ఉంగరాలు తీసి వెళ్లండి, లోహం వేడెక్కి చర్మం కాలుతుంది. గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ముందు డాక్టర్‌ను అడగాలి. కర్రల పొయ్యి వాడేప్పుడు పొగగొట్టం మూత తెరిచే ఉందో లేదో చూసుకుని వెలిగించండి. నిప్పు పూర్తిగా ఆరకముందే ఆ మూత మూసేస్తే కార్బన్ మోనాక్సైడ్ గదిలోనే నిండుతుంది. దానికి వాసన ఉండదు.

మంచుతో కట్టిన గదుల్లో పడుకోవడం వేరే సరుకు. స్వీడన్‌లో యుకాస్‌యార్వి గ్రామంలోని ఐస్‌హోటల్ తరహా గదుల్లో ఉష్ణోగ్రత మైనస్ 5 నుంచి మైనస్ 8 దగ్గర నిలకడగా ఉంటుంది. చూడ్డానికి అద్భుతం, ప్రణయానికి మాత్రం అంతంతే. ఎవరి స్లీపింగ్ బ్యాగులో వాళ్లు బిగుసుకుని పడుకోవాలి. పగటిపూట టికెట్టుతో చూసి రావడం మేలు.

పగటి విహారాల్లో జంటకు బాగా కుదిరేది హస్కీ కుక్కల బండి. ఒకరు స్లెడ్జిలో కూర్చుంటారు, ఒకరు వెనక నిలబడి నడుపుతారు, సగం దారిలో మారతారు. కాబట్టి కనీసం 10 కిలోమీటర్ల దారి ఎంచుకోండి. రెండు మూడు కిలోమీటర్ల చుట్టు అయితే మారేలోపే అయిపోతుంది. ఎక్కువమంది పడిపోయేది మొదటి పది సెకన్లలోనే: బయల్దేరే ముందు కుక్కలు ఉరకలేస్తుంటాయి, బ్రేకు మీద రెండు కాళ్లూ వేసి బరువంతా మోపాలి, సైగ అందాక మెల్లగా వదలాలి. వంపుల్లో లోపలి వైపుకు ఒరగాలి, ఎత్తు వచ్చినప్పుడు ఒక కాలితో నెట్టి కుక్కలకు సాయపడాలి. పడినా పిడి వదలకూడదు, వదిలారా, కూర్చున్న మనిషితో సహా బండి వెళ్లిపోతుంది. కూర్చున్నవారికే చలి ఎక్కువ. గాలిలేని మైనస్ 20 గంటకు 20 కిలోమీటర్ల వేగంలో మైనస్ 30లా కొరుకుతుంది, మంచు మీద నడిచే మోటారు బండి స్నోమొబైల్ మీద 40కి వెళితే మైనస్ 34లా. సంస్థవాళ్లు ఓవరాల్, బూట్లు ఇస్తారు. లోపల ఉన్ని బనియను, దానిపైన ఫ్లీస్ మీరు తెచ్చుకోవాలి. నూలు బట్ట చెమటను పట్టి ఉంచుకుని గడ్డకట్టిస్తుంది కనుక అది వద్దు. బూటు ఒక సైజు పెద్దదే అడగండి. రెండు జతల మేజోళ్లు బిగుతుగా పడితే రక్తం ఆడక వేళ్లు ముందే చల్లబడతాయి.

రెయిన్‌డీర్ బండి నడక వేగంతో సాగుతుంది. ఉత్సాహం కోసం కాదు, దుప్పటి కప్పుకుని చెవులు రిక్కించి నిశ్శబ్దాన్ని వినడానికి. దీన్ని చీకటి పడ్డాకే తీసుకోండి. స్నోమొబైల్ నడపడానికి సఫారీ సంస్థలు 18 ఏళ్లు, చెల్లే డ్రైవింగ్ లైసెన్సు అడుగుతాయి. ఇద్దరికీ ఒకే బండి ఇస్తారు, ఎవరిది వారికి కావాలంటే అదనం. ప్రమాదం జరిగితే మీరు కట్టాల్సిన మొత్తం ఎంతో సంతకం పెట్టే ముందే చదవండి. ఇంజన్ హోరులో మాటలుండవు కాబట్టి జంటలకు మేమైతే దీన్ని చివరి స్థానంలోనే పెడతాం. డబ్బు మిగుల్చుకోవాలంటే హోటల్లో మంచులో దిగబడకుండా బూట్ల కింద కట్టుకునే స్నోషూలు అద్దెకు తీసుకుని, సారిసెల్కా పక్కనే మొదలయ్యే ఉర్హో కెక్కొనెన్ జాతీయ ఉద్యానవనంలోకి గుర్తులు పెట్టిన దారిలో రెండు గంటలు నడిచి రండి. ఈ విహారాలన్నిటిలో మాకు ఎక్కువ నచ్చేది ఇదే.

వెళ్లే దారికీ కాస్త ఆలోచన పెట్టండి. ఇవాలో విమానాశ్రయం సారిసెల్కాకు సుమారు 30 కిలోమీటర్లే. తొందర లేకపోతే హెల్సింకి నుంచి రొవానియెమికి రాత్రి రైలు ఎక్కండి, రమారమి పన్నెండు గంటల ప్రయాణం. రెండంతస్తుల స్లీపర్ బోగీల్లో పై అంతస్తు క్యాబిన్‌కు సొంత షవర్, టాయిలెట్ ఉంటాయి, కింది వాటికి ఉండవు. ఇద్దరికీ ఒకదాని మీద ఒకటి పడకలు, కిటికీ బయట రాత్రంతా మంచు అడవి. సెలవుల సీజన్‌లో పై క్యాబిన్లే ముందు అయిపోతాయి. రొవానియెమి నుంచి సారిసెల్కాకు ఇంకో 260 కిలోమీటర్లు బస్సులో వెళ్లాలి. కనుక ఇగ్లూ రాత్రిని దిగిన రోజే పెట్టుకోకండి. అలసిపోయి అరోరా వేళకే నిద్రపోతారు, విమానం ఆలస్యమైతే ఆ డబ్బూ పోతుంది. రెండో రాత్రికో మూడో రాత్రికో పెట్టుకుంటే, అప్పటికి సామాను, ఒళ్లు, నిద్ర అన్నీ కుదుటపడతాయి.

పెళ్లి మాట అడగడానికే వెళ్తున్నవాళ్లకు ఒక జాగ్రత్త. చలికి వేళ్లు సన్నబడతాయి, తొడుగు లాగగానే ఉంగరం దానితో పాటు ఊడి వస్తుంది. మెత్తటి మంచులో పడిందంటే చిన్న రంధ్రం చేసుకుని లోతుకు పోతుంది, పైన ఆనవాలే ఉండదు. ఉంగరం తొడిగేది ఇగ్లూ లోపల పెట్టుకోండి. బయటే కావాలంటే కింద దుప్పటి పరిచి, పెట్టెను లోపలి జేబులోంచి ఆఖరి నిమిషంలో తీయండి. తొడిగాక దాని మీద సన్నటి ఉన్ని తొడుగు ఒకటి వేయించి, పైన మందపాటిది వేయించండి.