వర్క్‌ప్లేస్ అడ్వాన్స్‌డ్ ఫస్ట్ ఎయిడ్ కోర్సు చేశాను: ఎలా ఉంది, ఎవరికి పనికొస్తుంది

పనిచోట ఫస్ట్ ఎయిడ్ బాధ్యత మీ మీద ఉంటే ఈ కోర్సు చేయండి, బేసిక్‌తో ఆగిపోకండి. కాకపోతే ఎక్కడ పడితే అక్కడ చేరకండి. సర్టిఫికెట్ మీద పేరు ఒకటే ఉన్నా, లోపల చేతులతో చేయించేది చోటును బట్టి చాలా మారిపోతుంది. నేను చేసిన చోట చాలా భాగం బాగుంది, కొన్ని మాత్రం సరిదిద్దుకుని తీరాల్సినవి ఉన్నాయి, రెండూ రాస్తున్నాను.

బేసిక్ కోర్సులో అంబులెన్స్‌కి ఫోన్ చేయడం, సీపీఆర్ (గుండె ఆగిన మనిషికి ఛాతీ ఒత్తడం, ఊపిరి అందించడం), కట్టు కట్టడం, స్పృహ లేకపోయినా ఊపిరి ఆడుతున్న మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టడం, ఇంతవరకు వస్తాయి. అడ్వాన్స్‌డ్‌లో వీటి మీద ఆక్సిజన్, అంబూ బ్యాగ్ (మాస్క్ పెట్టి చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి), పెద్ద రక్తస్రావం, వెన్నెముకకు దెబ్బ తగిలినవాళ్లను చూసుకోవడం లాంటివి చేరుతాయి. నా లెక్కలో అసలు తేడా సామాన్లలో లేదు. ఫోన్ చేశాక అంబులెన్స్ గేటు దాకా వచ్చేలోపు ఉండే ఆ నిమిషాలన్నీ మన చేతుల్లోనే ఉంటాయి, ఆ సేపంతా మనిషి పక్కనే కూర్చుని ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చుకోవడమే ఇక్కడ నేర్పేది.

సీపీఆర్ అందరికీ వచ్చనుకునేదే కదా, మళ్లీ ఎందుకు అనిపించొచ్చు. ఇక్కడ ప్రాక్టీస్‌కి వాడే మనిషి బొమ్మలకు లైట్లు ఉన్నాయి: ఛాతీ ఐదు సెంటీమీటర్లు లోపలికి దిగితేనే పచ్చ లైటు వెలుగుతుంది, ఆరు దాటితే తప్పు చూపిస్తుంది, నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఒత్తాలి, ఒత్తిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేచేదాకా బరువు వదలాలి. ఈ చివరిదాని దగ్గరే ఎక్కువమంది తడబడ్డారు. అలసట వచ్చేకొద్దీ మనకు తెలియకుండానే బొమ్మ మీద వాలిపోతాం, దాంతో గుండె మళ్లీ రక్తంతో నిండే వీలు ఉండదు. కండలు తిరిగినవాళ్లకు కూడా రెండో నిమిషం అయ్యేసరికి లోతు తగ్గిపోతూ కనిపించింది. అందుకే రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. మా ట్రైనర్ రెండో మనిషిని ముందే బొమ్మకు అవతలి పక్క మోకాళ్ల మీద సిద్ధంగా కూర్చోబెట్టి, మధ్యలో ఖాళీ లేకుండా చేతులు మార్పించేవారు. ఇది మళ్లీ మళ్లీ చేయించారు, విసుగొచ్చేదాకా చేయించారు, అదే ఈ కోర్సులో నాకు బాగా నచ్చిన విషయం.

గుండె ఆగిన మనిషిలో కొన్నిసార్లు కనిపించే ఎగశ్వాస గురించి కూడా చెప్పాలి. ట్రైనర్ ఒక రికార్డింగ్ వినిపించి "ఈ మనిషి ఊపిరి తీసుకుంటున్నాడా?" అని అడిగారు. గురక లాంటి శబ్దం, తర్వాత చాలాసేపు ఏమీ లేదు, మళ్లీ ఒక గుటక లాంటి శబ్దం. క్లాసులో సగానికి పైగా తీసుకుంటున్నాడనే అన్నారు. అది ఊపిరి కాదు. స్పృహ లేకుండా పడి ఉండి, అలా ఆగి ఆగి ఎగపీలుస్తుంటే వెంటనే సీపీఆర్ మొదలుపెట్టాలి. పుస్తకంలో ఈ విషయం ఒక వాక్యంలో అయిపోతుంది, చెవితో విన్నాక మాత్రం మర్చిపోవడం కష్టం.

ఏఈడీ అంటే ఆగిన గుండెకు షాక్ ఇచ్చే మెషీన్. పెట్టె తెరిస్తే ఏం చేయాలో అదే చెబుతుంది, దాంట్లో భయపడాల్సింది లేదు. ఒక ప్యాడ్ కుడి భుజం వైపు మెడ ఎముక (కాలర్ బోన్) కింద, రెండోది ఎడమ పక్క చంక కింద. చెమట పట్టి ఉంటే ముందు ఛాతీ తుడవాలి, లేకపోతే ప్యాడ్ అంటుకోదు. షాక్ ఇవ్వగానే మెషీన్ వైపు చూస్తూ కూర్చోకుండా ఆ క్షణమే మళ్లీ ఒత్తడం మొదలుపెట్టాలి. సీపీఆర్ కూడా లేకుండా షాక్ ఆలస్యమైతే బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం తగ్గుతూ పోతుంది కాబట్టి, పెట్టె ఎక్కడుందో, ఆ గది తాళం ఎవరి దగ్గరుందో తెలియని చోట ఈ ట్రైనింగ్ ఎంత బాగున్నా లాభం లేదు.

రక్తస్రావం సెషన్‌కి పూర్తి మార్కులు వేస్తాను. టోర్నికే (రక్తం ఆపడానికి చేతికో కాలికో బిగించే పట్టీ) ఒకరికొకరం చేతికి వేసుకుని బిగించాం. అది నిజంగా నొప్పి పుడుతుంది. ట్రైనర్ ముందే చెప్పారు, నొప్పి అని అరిచారని వదులు చేయడమే ఎక్కువగా జరిగే పొరపాటని. రక్తం ఆగేదాకా బిగించాలి, గాయానికి ఐదారు సెంటీమీటర్లు పైన వేయాలి, మోకాలు, మోచేయి లాంటి కీలు మీద వేయకూడదు, వేసిన టైం రాసి పెట్టాలి, తర్వాత మనంతట మనం విప్పకూడదు. గజ్జలు, చంక లాంటి చోట టోర్నికే పట్టదు. అక్కడ గాయం లోపలికి గాజ్ గుడ్డను (గాయాలకు వాడే పలచని గుడ్డ) వేలితో అడుగు దాకా కూరి, పైనుంచి బరువంతా వేసి ఒత్తి పట్టాలి. దీనికోసం స్పాంజి దిమ్మలో రంధ్రం చేసి, పంపుతో ఎర్ర నీళ్లు వదిలారు. గుడ్డ పైపైన పెడితే నీళ్లు పక్కల నుంచి వస్తూనే ఉన్నాయి, అడుగు దాకా వెళ్లి ఒత్తితేనే ఆగాయి. వేళ్లకు అది తెలియాల్సిందే, స్లైడ్లలో చూస్తే తెలిసేది కాదు.

ఆక్సిజన్ దగ్గర మరో మంచి అభ్యాసం చేయించారు. 340 లీటర్ల సిలిండర్ నిండుగా ఉంటే, నిమిషానికి 15 లీటర్ల చొప్పున ఎంతసేపు వస్తుంది? దాదాపు 22 నిమిషాలు. మీ దగ్గర అంబులెన్స్ రావడానికి అంతకంటే ఎక్కువసేపు పడుతుందా, పడితే రెండో సిలిండర్ ఎక్కడ, అన్నది అక్కడికక్కడే మమ్మల్ని రాయమన్నారు. రెగ్యులేటర్‌కి నూనె, గ్రీజు తగలకూడదని, మాస్క్‌కి ఉన్న సంచి నిండాకే ముఖానికి పెట్టాలని, ఏఈడీ షాక్ ఇచ్చేటప్పుడు ఆక్సిజన్ మాస్క్‌ను కనీసం మీటరు దూరం జరపాలని కూడా నేర్పారు. అంబూ బ్యాగ్ మాత్రం చూసినంత తేలిక కాదు. ఒక్కరే మాస్క్ పట్టుకుని బ్యాగ్ నొక్కితే గాలి పక్కల నుంచి పోతుంది. ఒకరు రెండు చేతులతో మాస్క్ అదిమి దవడ ఎత్తి పట్టుకుంటే, రెండోవాళ్లు ఒక సెకను పాటు ఛాతీ కొద్దిగా లేచేంతవరకే నొక్కాలి. కంగారులో గట్టిగా, గబగబా నొక్కితే గాలి పొట్టలోకి పోయి వాంతి అవుతుంది.

ఫ్యాక్టరీ పనికి సంబంధించినవి ఇంకా ఎక్కువ ఉంటే బాగుండేదనిపించింది. ఉన్నంతలో మంచివే: కంట్లో రసాయనం పడితే రెప్పలు తెరిచి పట్టుకుని కనీసం 15, 20 నిమిషాలు నీళ్లతో కడుగుతూనే ఉండడం, పొడి రసాయనం అయితే ముందు దులిపి తర్వాత నీళ్లు, కరెంటు తగిలినవాళ్లను ముట్టుకునే ముందు సప్లై ఆపడం, తెగిన వేలిని తడి గాజ్ గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టి, ఆ సంచిని ఐస్ నీళ్లలో ఉంచడం, నేరుగా ఐస్ మీద పెట్టకపోవడం. ట్యాంకులు, గుంటల్లో ఎవరైనా స్పృహ తప్పితే వెంటనే లోపలికి దిగకూడదన్నది మాత్రం గట్టిగా, పదేపదే చెప్పారు. కాపాడబోయినవాళ్లు అదే గాలికి వరుసగా పడిపోయి చనిపోయిన ఘటనలు ఎన్నో ఉన్నాయి. నన్నడిగితే ఈ ఒక్క విషయానికి సగం పూటైనా కేటాయించాలి.

చివర్లో పెట్టిన సీన్లే ఈ కోర్సుకు ప్రాణం. హాల్లో మెషీన్ల చప్పుడు స్పీకర్లో పెట్టి, ఒకరు కాలు చేతుల్లో పట్టుకుని అరుస్తుంటే, ఇంకొకరు ఏ శబ్దం లేకుండా మూలన పడి ఉన్నారు. అందరూ అరిచేవాళ్ల దగ్గరికే పరిగెత్తారు. ముందు చూడాల్సింది శబ్దం చేయని మనిషిని. "ఎవరైనా ఫోన్ చేయండి" అంటే ఎవరూ చేయరు, "నీలం చొక్కా అన్నా, మీరు ఫోన్ చేయండి, చేసి వచ్చి నాకు చెప్పండి" అంటేనే పని జరుగుతుంది. ఆఖరున అంబులెన్స్ వాళ్లకు అప్పగించడం: ఎప్పుడు, ఎలా జరిగింది, ఎక్కడ దెబ్బ, ఊపిరి, నాడి, స్పృహ ఎలా ఉన్నాయి, మనం ఏం చేశాం, ఏ టైంకి. అంతా ఒక నిమిషంలో. టెన్షన్‌లో మొదట జారిపోయేది టైమే, అందుకే గ్లవ్ మీదైనా సరే రాసి పెట్టుకోమన్నారు.

ఇక లోపాలు. తీవ్రమైన ఎలర్జీకి తొడ బయటి వైపు పొడిచే అడ్రినలిన్ ఇంజెక్టర్‌ను స్లైడ్ మీదే చూపించారు, సూది లేని ప్రాక్టీస్ పెన్ ఒక్కటి కూడా తేలేదు. దాన్ని ఏ పక్క పట్టుకోవాలో కంగారులో తెలియక సొంత బొటనవేలికి పొడుచుకునేవాళ్లు ఉంటారు, చేతికి ఇచ్చి చేయించాల్సిన విషయం ఇది. రాత పరీక్ష మరీ తేలిక, క్లాసుకు రాకపోయినా పాసవ్వొచ్చు. ప్రాక్టికల్ పరీక్ష గుంపులుగా పెట్టారు, దాంతో మంచి జోడీ దొరికినవాళ్లు పెద్దగా ఏమీ చేయకుండానే గట్టెక్కారు. ఇది ఒప్పుకోదగ్గది కాదు, రేపు షిఫ్టులో ఒక్కరే ఉన్నప్పుడు ఆ సర్టిఫికెట్ ఎవరికీ ఊపిరి పోయదు. పెద్ద ప్రమాదం చూశాక ఫస్ట్ ఎయిడ్ చేసినవాళ్లకు నిద్ర పట్టకపోవడం, అదే కళ్ల ముందు తిరగడం గురించి ఒక్క మాట లేదు, ఉండాలి. సర్టిఫికెట్లు సాధారణంగా రెండు మూడేళ్లు చెల్లుతాయి, సీపీఆర్ నైపుణ్యం మాత్రం కొన్ని నెలల్లోనే మొద్దుబారుతుంది. మధ్యలో చిన్న రిఫ్రెషర్ ఉందా అంటే లేదన్నారు.

చేరేముందు ఫోన్ చేసి అడగండి: ఒక బొమ్మకు ఎంతమంది, బొమ్మకు లోతు చూపించే లైట్లు ఉన్నాయా, ప్రాక్టికల్ పరీక్ష ఒక్కొక్కరికీ విడిగా పెడతారా, ట్రైనర్ అంబులెన్స్‌లోనో క్యాజువాలిటీలోనో పనిచేసినవారా, మీ దగ్గర ఉన్న మోడల్ ఏఈడీ మీద చేయిస్తారా. ఆక్సిజన్, ఇంజెక్టర్ లాంటివి మీరు వాడొచ్చా లేదా అన్నది మీ దగ్గరి రూల్సును బట్టి, మీ మేనేజ్‌మెంట్ రాతపూర్వకంగా ఇచ్చే అనుమతిని బట్టి ఉంటుంది, కోర్సు చేసినంత మాత్రాన రాదు, అది ముందే తేల్చుకోండి.

మేనేజ్‌మెంట్ వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక విన్నపం. షిఫ్టుకు ఒక్కరిని పంపి సరిపెట్టుకోకండి, ఒకే షిఫ్టు నుంచి ఇద్దరిని పంపండి. రెండు నిమిషాలకోసారి మారడానికి, అంబూ బ్యాగ్ పట్టడానికి, ఒకరు ఒత్తుతుంటే ఇంకొకరు ఏఈడీ తీసుకురావడానికి ఇద్దరు కావాలి. వాళ్లకు సెలవులు కూడా ఒకేసారి ఇవ్వకండి.